అలిగిన ఇన్‌ఛార్జి

ఆ రోజుల్లో అధికారమంటే కుర్చీలో ఉంటుందనుకునేవాణ్ణి. అది అత్తారింట్లో ఉంటుందని ఎవడైనా చెబితేగా! తొమ్మిదో తరగతి గట్టు దాటని నన్ను (చదువు అబ్బకపోయినా పుస్తకాలు మోయడం బాగా వచ్చు) టెక్కలిలో ఓ ప్రైవేటు కాలేజీవాళ్లు ముందు అటెండరుగా పెట్టుకుని, తర్వాత లైబ్రరీ కౌంటర్ ఇన్‌ఛార్జిని చేశారు. నా పైన లైబ్రేరియన్ గారు, నా కింద ఒకే ఒక్క అటెండరు. ఆ అటెండరు సాక్షాత్తూ నాకు పిల్లనిచ్చిన మావ!

తొమ్మిదికి తలుపు తియ్యాలి. తాళాలేమో మావ దగ్గర. జీడిపిక్కల కాలమొస్తే ఆయన తోటలో పిక్కలేరుకుని, తీరిగ్గా పదిన్నరకి దిగేవాడు. పరీక్షల ముందు పిల్లలు మెట్ల మీద పడిగాపులు కాస్తుంటే లైబ్రేరియన్ గారు నన్ను పిలిచి, “ఈ వారం దాటితే నువ్వు మళ్లీ అటెండరువే” అన్నారు. ఆలస్యం ఆయనది, అక్షింతలు నాకా? ఒళ్లు మండిపోయి అందరి ముందూ కేకలేశాను. “మావా! ఇది ఆఫీసు. ఇక్కడ నాను నీ అల్లుణ్ణి కాదు. టైముకి రావాల!”

మావ మొహం చిన్నబోయింది. భయంతో కాదండీ, అల్లుడు అలిగాడని! (మా వైపు అల్లుడి కోపానికి వేరే అర్థం లేదు.) మర్నాడు పదకొండుకి అత్తనీ, ఓ కోడిపుంజునీ వెంటబెట్టుకొచ్చాడు. నా ఎదట పడని అత్త కెమిస్ట్రీ పుస్తకాల బీరువా చాటున నిలబడి, “సైకిల్ కావాలేటో అడుగు. మా గుంట ఏటైనా అన్నదేటో అడుగు” అని మావని పొడుస్తోంది. (గుంటంటే పిల్ల, అంటే మా ఆవిడ.) పుంజు కూసింది. పిల్లలు ఈలలేశారు. లైబ్రేరియన్ గారు గదిలోంచి బయటికొచ్చారు.

ఉద్యోగం ఎలాగూ పోయిందన్న తెగింపుతో అరిచాను. “సైకిలొద్దు, పుంజొద్దు! రేపట్నుంచి తొమ్మిదికి తలుపు తియ్యకపోతే మీ ఇంట మంచినీళ్లు ముట్టను!”

“ఓలమ్మ, ఇంతేనా!” అంది బీరువా. లైబ్రేరియన్ గారు నవ్వాపుకోలేక మళ్లీ లోపలికెళ్లిపోయారు.

మర్నాటి నుంచి ఎనిమిదిన్నరకే తలుపులు బార్లా. మావని అత్తే తోటలోంచి తరిమేదట.

ఇప్పుడు ఆ మావా లేడు, ఆ అత్తా లేదు. మొన్న కూరలో ఉప్పు లేదని అలిగి, పొద్దుపోయేదాకా వీధరుగు మీద కూర్చున్నాను. పుంజు మాట దేవుడెరుగు, కోడిపిల్లయినా పలకరించలేదు. నేనే లేచెళ్లి, ఉప్పు కలుపుకుని తిన్నాను.