వరుస తప్పని హుసేన్ వలి

హుసేన్ వలి పేపరును వరుసగా చదివే మనిషి. అంతకుమించి ఆయనలో ఏ వంకా లేదు. కానీ ఆ ఒక్కటీ చాలు, ఇంటిల్లిపాదికీ ప్రాణం విసిగిపోవడానికి. నిన్నటి పేపరు చదవకుండా ఇవాళ్టిది ముట్టడు. చదవని పేపరును గడప దాటనివ్వడు. ఓర్వకల్లు రోడ్డు మీద టైలరు కొట్టాయె, చదివే తీరికేదీ? ఆరేళ్ల పేపర్లు ఇంట్లో గోడకు గోడ లేచాయి. అల్మారాలో పరుచుకోవడానికి భార్య జైనాబ్ బీ ఒక్క పేజీ అడిగితే, "ఇంగా చదవలా!" అని రెండు చేతులూ చాచి అడ్డం నిలబడేవాడు.

అలాంటి మనిషికి ఆషాఢంలో గుండె ఆపరేషనయింది. మూడు నెలలు మిషను తొక్కకూడదన్నాడు కర్నూలు డాక్టరు. ఇంకేం! వలి మంచమెక్కి, గోడ అడుగునున్న కట్ట లాగి, ఆరేళ్ల కిందటి తారీకుతో మొదలుపెట్టాడు. రోజుకు పాతిక పేపర్లు. టెండర్లు, తప్పిపోయిన బర్రెలు, పెళ్లి ప్రకటనలు, ఏదీ వదల్లేదు.

ఇది అయ్యన్న చావుకొచ్చింది. అయ్యన్న పక్క వీధిలో ఉండే కూలి మనిషి. ఆరు నెలల కింద భార్య హంపమ్మ జ్వరంతో పోయింది. పిల్లల్లేరు. ఇంట్లో పలకరించే దిక్కులేక పొద్దున్నే వచ్చి వలి మంచం పక్కన చేరేవాడు.

"వాన వచ్చేటట్టుండాదప్పా వలీ."

"యాడ వాన? మే నెల్లో వాన పడుతుందా? నలభై మూడు డిగ్రీలంట. బయట తిరగవాకు, వడదెబ్బ కొడ్తాది."

బయట చినుకులు టపటపా పడుతూనే ఉన్నాయి. "ఈయప్పకు ఎండలంట! నా బట్టలు మూడు దినాల నుంచి ఆరకపాయ!" అని లోపల్నుంచి జైనాబ్ బీ తల కొట్టుకుంది.

ఇంకోరోజు వీధిలో పోయే నారాయణను కిటికీలోంచి కేకేశాడు. "ఏమప్పా, నీ కూతురు పదిలో మండలం ఫస్టంట గదా! మిఠాయి యాడ?"

"సాయిబూ, ఆ పాపకు పెండ్లయి, బిడ్డకు పేరు పెట్టేది కూడా అయిపాయ!"

"నాకు చెప్పద్దు. నేనింగా ఆడికి రాలా."

వీధంతా నవ్వింది. అయ్యన్నకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన బాధ వేరు. పెద్దల అమావాస్య దగ్గరికొస్తోంది. ఆ రోజు హంపమ్మ పటం ముందర కొత్త చీర పెట్టాలి. పటమేదీ? ఉన్నదల్లా ఆధార్ కార్డు మీది బొమ్మ. దాన్నే స్టూడియో ఏసేపు చేత పెద్దది చేయించాడు. పోలీసులు పట్టుకొచ్చిన మనిషిలా బిత్తరచూపులు చూస్తూ పటంలో ఎవరో వచ్చారు.

"ఈమె ఎవరప్పా?" అన్నాడు అయ్యన్న.

"మీ యామేనప్పా. కార్డులో ఇట్లే ఉండాది."

"నా పెండ్లాం ఎవురికీ బయపడేది కాదు. ఈమె కాదు."

ఆ మాటే వలికి చెప్పుకున్నాడు. "కండ్లు మూసుకుంటే గొంతు వినబడ్తాది గానీ మొగం వస్తల్యా వలీ. ఆ కార్డు మొగమే వచ్చి అడ్డం పడ్తాండాది. ఇంగ కోక ఎవురికి పెట్టేది?"

వలి పేజీ తిప్పాడు. "ఎర్రగడ్డల రేటు పడిపాయంట" అన్నాడు.

అయ్యన్న తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు. అయినా మర్నాడు మళ్లీ పోయాడు, ఇంకెక్కడికి పోతాడు! గడపలో కాలు పెట్టాడో లేదో, మూతికి గుడ్డ కట్టుకున్న వలి మంచం మీదినుంచే అరిచాడు. "ఆడే నిలబడు! ఆరడుగులు! కరోనా వచ్చింది!"

"వచ్చేదీ అయింది, పోయేదీ అయింది గదప్పా, ఐదేండ్లాయ!"

"నాకు ఇయ్యాలే వచ్చింది. పో, ఇంటికి పో, లాక్‌డౌన్ పెట్టినారు."

ఉన్న ఒక్క తలుపూ మూసుకుంది. అయ్యన్న ఇంటికి పోయి పొయ్యి కూడా ముట్టించలేదు. ఆమె పోయింది, ఆమె మొహమూ పోయింది, ఇప్పుడు ఈయనా తరిమేశాడు, ఇంక నేనెందుకు బతికుండేది అనుకున్నాడు. నెల దాటినా ఆ వైపు తొంగిచూడలేదు.

అమావాస్య రెండు రోజులుందనగా జైనాబ్ బీ వచ్చింది.

"అయ్యన్నా, రా. మీ యప్ప పిలుస్తాండాడు."

"ఏ సంవత్సరంలో ఉండాడు వదినా?"

"ఇరవై రెండులో. కరోనా పాయ, లోపలికి రావచ్చంట."

వలి మంచం మీద ఒక పేజీ పరిచి ఉంది. నీళ్ల కోసం ఖాళీ బిందెలతో రోడ్డు మీద బైఠాయించిన ఆడవాళ్ల ఫోటో. అందరికంటే ముందర హంపమ్మ! చెయ్యెత్తి, నోరు బార్లా తెరిచి, ఎదురుగా నిలబడ్డ ఆఫీసరును కడిగేస్తోంది.

"జాకెట్టు కుట్టించుకునేకి వచ్చినప్పుడు, 'అన్నా, నా బొమ్మ పేపర్లో పడిందంట, చూపియ్యి' అనిందప్పా," అన్నాడు వలి. "నా వరుస వచ్చినప్పుడు చూపిస్తాలే తల్లీ అన్నా. వరుస రాకనే పాయ. ఏ ఏడో, ఏ నెలో యాదికి రాలా. ఒక్క పేజీ దాటేసినా ఆడే ఉంటాదేమో అని బయం. నువ్వుంటే మాటల్తో పొద్దు పోతాది, అమాస ఆగుతుందా? అందుకే తరిమినా."

"నాకొక మాట చెప్పుంటే ఏం పోయేదప్పా?"

"దొరక్కపోతే? మళ్లా ఇంగోసారి ఏడుస్తావు."

అయ్యన్న ఆ ఫోటో మీద చెయ్యి పెట్టి, కాసేపు తియ్యలేదు. వలి తలగడ కింది కత్తెర తీసి, పేజీని చుట్టూ కత్తిరించడం మొదలుపెట్టాడు. జైనాబ్ బీ కళ్లు పెద్దవి చేసింది.

"వెనక పక్క చదివినావా?"

"చదవలా. పోనీలే."

సాయంత్రం స్టూడియోలో ఏసేపు ఆ ఫోటోను కంప్యూటర్లో పెద్దది చేశాడు. "బొమ్మ బాగానే వచ్చింది గానీ అయ్యన్నా, పటంలో నోరు అట్లా తెరుచుకోనుంటే బాగుంటుందా? రెండు నిమిషాల్లో మూసేస్తా, చెప్పు."

ఎనిమిది నెలల తర్వాత అయ్యన్న పగలబడి నవ్వాడు.

"ముప్పై ఏండ్లు నా చేత కాలేదు, నీ చేత యాడయితాదప్పా! అట్లే ఉండనీ."