తాళం తీసినా ఆగని బండి

మా ఆయనకు ఫిల్టర్ల పిచ్చి. చేనికి డ్రిప్పు పెట్టించినప్పటి నుంచి పట్టుకుంది. డ్రిప్పు ఫిల్టర్ మూసుకుపోతే మిరపచెట్లు వాడిపోతాయని వారం వారం విప్పి, కడిగి, బిగించి, ఏదో ఘనకార్యం చేసినట్టు నా వైపు చూసేవాడు. మా పాత పికప్పు బండికి, ఇంజన్‌లోకి గాలి ఊదే టర్బో మార్పించాక ఆ పిచ్చి బండి మీదికి మళ్లింది. ఇంజన్ నుంచి టర్బోకు ఆయిల్ పోయే సన్న పైపును మధ్యలో కోసి, ఎమ్మిగనూరులో కొన్న చిన్న ఫిల్టర్ ఒకటి బిగించాడు.

"ఇదేందప్పా, బాగుండేదాన్ని కోసినావు?" అన్నాను.

"డ్రిప్పుకు ఫిల్టర్ లేకుండా నీళ్లు ఇడుస్తామా? దీనికీ అంతే. మడ్డి లోపలికి పోకుండా కాస్తాది."

బిగించాడు, మరిచిపోయాడు. చెట్టు వాడితే కంటికి కనిపిస్తుంది. ఇంజన్ లోపల ఏం ఎండిపోతోందో ఎవరికి తెలుస్తుంది?

ఆ ఏడు పత్తి కుక్కిన గోనె బోరాలు వేసుకుని పెద్దకడుబూరు నుంచి ఆదోని మార్కెట్ యార్డుకు బయలుదేరాం. క్యాబిన్‌లో కూర్చుంటే వాంతులని మా అత్త బోరాల పైనే కూర్చుంది. చెబితే వినే మనిషా! దారిలో ముందు సన్నగా ఈల వినిపించింది. తర్వాత ఇంజన్ ఒక్కసారిగా గీపెట్టింది. వెనక రోడ్డంతా తెల్లటి పొగ. ఆయన బండి పక్కకు ఆపి తాళం తిప్పాడు. ఇంజన్ ఆగలేదు. తాళంచెవి బయటికి లాగేశాడు. అది ఆయన చేతిలోనే ఉంది, ఇంజన్ ఇంకా అరుస్తూనే ఉంది.

"మాయమ్మను దించు పో!" అని అరిచాడు.

కిందికి దూకి వెనక్కి పరుగెత్తాను. అత్త పొగలో బోరాలకు కట్టిన తాడు పట్టుకుని వేలాడుతున్నట్టు కూర్చుంది. ముందు సెగలు కక్కుతున్న ఇంజన్, వెనక ఎండిన పత్తి. ఒక్క నిప్పురవ్వ చాలు.

"దూకత్తా, నేను పట్టుకుంటా!" చేతులు చాపాను.

"ఈ మోకాళ్లతో నాకు కాదే. నువ్వు దూరం పో. పిల్లోల్లు ఇంటికాడ ఉండారు, పోవే!"

నన్ను తిట్టకుండా ఆమెకు ఒక్క పూట గడవదు. ఆమె పొమ్మన్నా నేను పోలేదు. మనసు రాకనో, భయానికి కాళ్లు కదలకనో, నాకే తెలియదు.

ఆయన టాప్ గేరు వేసి, బ్రేకు మీద నిలబడి, క్లచ్ వదిలేశాడు. బండి కదల్లేక దడదడలాడి చచ్చింది. అప్పుడు వినిపించింది, అత్త ఏడుస్తోంది.

ఫిల్టర్ మడ్డితో మూసుకుపోయిందట. ఆయిల్ అందక టర్బో బేరింగ్ అరిగిపోయి, ఆ సందులోంచి ఆయిల్ గాలి పైపులోకి దిగిందట. డీజిల్ ఆపినా ఇంజన్ ఆ ఆయిలే తాగి పరుగెత్తిందని మెకానిక్ చెప్పాడు. ఆ ఫిల్టర్‌ను నేనే మురిక్కాలవలోకి విసిరేశాను.

బండి బాగయ్యాక మళ్లీ యార్డుకు లోడు వేశాం. అత్త మళ్లీ బోరాల పైకే ఎక్కింది. వెనకాలే నేనూ ఎక్కాను.

"నువ్వెందుకే పైకి?" అన్నాడాయన.

"నీ బండి నువ్వు తోలప్పా!" అన్నాను.

ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో అత్త చెయ్యి పట్టుకున్నాను. ఆదోని వచ్చేదాకా ఆమె నన్ను తిట్టలేదు. ఇద్దరం ఈల వినిపిస్తుందేమోనని వింటూ కూర్చున్నాం.