లిఫ్టుతో అక్క తగువు

తన పరిశోధన గదిలో అక్క చివరిగా చేసిన పని, ఫ్రిజ్ తలుపును మోకాలితో నెట్టి మూయడం. రెండు చేతుల్లోనూ గాజు పలకలున్నాయి. తలుపు రబ్బరు వదులైపోయి, గట్టిగా నెడితే తప్ప పట్టేది కాదు. అది టప్పున మూసుకోగానే, "నువ్వన్నా నా మాట వింటున్నావు, సంతోషం" అందట దానితో. ఈ సంగతి నాకు చెబుతూ, ఆమెతో కలిసి పనిచేసిన లెక్కల మాస్టారు నవ్వబోయి ఆగిపోయారు. ఆ సాయంత్రం అక్క ఇంటికొచ్చి, చెప్పులు విప్పుకోవడానికి కుర్చీలో కూర్చుంది. మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు.

అక్క మొదట వైద్యురాలు. ఒక దర్జీ చేతిలో కత్తెర దిగి నరం తెగితే దాన్ని కుట్టిన వాళ్ళలో తనూ ఉంది. "మెల్లగా స్పర్శ వస్తుందిలెండి" అని ధైర్యం చెప్పింది. వచ్చింది, కానీ తప్పుడు చోటికి. చూపుడువేలు ముట్టుకుంటే బొటనవేలు ముట్టుకున్నట్టుందని చెప్పాడతను. సూది పట్టలేక కుట్టుపని మానేశాడు. తెగిన నరం మళ్ళీ పెరిగేటప్పుడు చీలిక దగ్గర దారెందుకు తప్పుతుంది? ఆ ప్రశ్న అక్కని పట్టుకుని వదల్లేదు.

దానికోసం ఆసుపత్రి మానేసి అనాటమీ విభాగంలో చేరింది. శవాల అరచేతుల్లో నరాలు ఎన్ని రకాలుగా చీలతాయో కోసి చూసింది. చీలికలు కనిపించాయి గానీ కారణం కనిపించలేదు. అప్పుడు లెక్కల మాస్టారిని పట్టుకుంది. జుట్టు నెరుస్తున్న వయసులో ఆయన ముందు బల్ల మీద కూర్చుని సమీకరణాలు నేర్చుకుంది. నరం కొస ఏదో రసాయనపు వాసన పట్టుకుని వెళుతోందని లెక్క తేలింది. మామూలు పరికరాలకి అందనంత కొద్ది రసాయనమది. దాన్ని పసిగట్టడానికి అక్క చివరికి అణువులతో తీగలు చేసేవాళ్ళ దగ్గరికి చేరింది. రెండు బంగారు మొనలు, వాటి మధ్య తీగలా ఒకే ఒక్క అణువు. రసాయనం వచ్చి తాకితే కరెంటు మారి, తెర మీద గీత ఒక మెట్టు దిగుతుంది. ఆ మెట్టు చూడాలంటే ముందు గీత తిన్నగా ఉండాలి. ఏ కొంచెం అదిరినా అణువు తెగిపోతుంది.

బావ ఎవరొచ్చినా ఒకటే మాట అనేవాడు. "అందరికీ ఒక డిపార్టుమెంటూ ఒక కుర్చీ ఉంటాయి. మీ అక్కకి నాలుగు డిపార్టుమెంట్లున్నాయి, కుర్చీ మాత్రం లేదు."

"ఉన్న ఒక్క కుర్చీలో తమరు కూర్చుని పేపరు చదువుతున్నారుగా" అనేది అక్క వంటింట్లోంచి.

నవ్వులాటే గానీ, కుర్చీ నిజంగానే లేదు. ఆమె పంపిన పరిశోధన పత్రాన్ని వైద్యులు లెక్కలవాళ్ళకి చూపించమనేవారు, లెక్కలవాళ్ళు వైద్యులకి చూపించమనేవారు. ఒకసారి కమిటీ పిలిస్తే తోడు వెళ్ళాను. తలుపు ఓరగా ఉంది, లోపలి మాటలు బయటికి వినిపిస్తున్నాయి.

"మీ పని గొప్పదే మేడమ్. కానీ ఇది వైద్యమా, లెక్కలా? ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా!"

"నరం తెగినవాడు ఏ డిపార్టుమెంటు సార్?"

"అలా అంటే ఎలాగండీ?"

"ఎలా అనాలో మీరే చెప్పండి, అలాగే అంటాను."

ఏడాది చివరికల్లా ఒక్క శుభ్రమైన గీత చూపించాలని, లేకపోతే గది వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని తేల్చారు. బయటికొచ్చి, "పదవే, కాఫీ తాగుదాం. వీళ్ళని కోసి చూసినా కారణం కనిపించదు" అంది.

ఇచ్చిన గది కూడా లిఫ్టు పక్కది. ఫ్రిజ్ కమిటీ పిలవకముందే ఆ గదికి చేరింది. "మీరిప్పుడు మా మనిషి కాదు కదా" అని అనాటమీవాళ్ళు అక్క దాచుకున్న నరాల ముక్కల్ని తీసేయమంటే, ఫ్రిజ్‌తో సహా మోయించుకొచ్చి పరికరం బల్ల పక్కనే పెట్టించింది. అవి చేతికందేంత దూరంలో లేకపోతే ఆమెకి కాలూ చెయ్యీ ఆడేవి కావు.

గీత అదిరినప్పుడల్లా అక్క లిఫ్టునే తిట్టేది. దాని తలుపు మీద "దయచేసి మెట్లెక్కండి" అని అంటించింది. ఎవరూ ఎక్కలేదు. ఒకరోజు గుమ్మంలో నిలబడి ఒక పెద్దాయన్ని ఆపింది.

"ఒక్క అంతస్తే కదండీ, నడవచ్చుగా?"

"నా మోకాళ్ళు నువ్వు చూస్తావా అమ్మా?"

"చూస్తాను. ముందు మెట్లెక్కి రండి."

ఆయన లిఫ్టెక్కాడు. అక్క కొత్త అణువు కోసం మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టింది.

ఒక సెలవురోజున లిఫ్టు ఆపించి, అక్కా మాస్టారూ వెళ్ళారు. ఫ్యాను ఆపారు, ట్యూబులైటు ఆపారు, ఆఖరికి గోడగడియారం కూడా తీసి బయట పెట్టారు. కాసేపు తిన్నగా ఉన్న గీత మళ్ళీ అదిరింది.

"పక్క బిల్డింగు లిఫ్టు" అంది అక్క.

"అదీ ఆపిస్తే ఇక ఊరవతలి లిఫ్టు మిగులుతుంది మేడమ్."

"నవ్వండి, నవ్వండి. గది పోయాక మీ ఇంట్లోనే పెడతా దీన్ని."

ఏడాది గడవకముందే అక్క పోయింది. గది ఖాళీ చేయమని బావకి ఫోనొచ్చింది. ఆయన వెళ్ళలేనన్నాడు, నేను వెళ్ళాను. మాస్టారు అప్పటికే అక్కడున్నారు. నరాల ముక్కల్ని అనాటమీవాళ్ళే తిరిగి తీసుకెళ్ళారట, ఇప్పుడు అవి కావాలట వాళ్ళకి. పరికరాన్ని మాత్రం మాస్టారు ఆపలేదు. తెర మీద గీత అదురుతూనే నడుస్తోంది. "దాన్ని ఆఖర్న తీద్దాం అమ్మా" అన్నారు.

కూలీలు ముందు ఫ్రిజ్ ప్లగ్గు పీకారు. నేను అక్క శాలువా, కప్పు, కళ్ళజోళ్ళు సంచిలో సర్దుతున్నాను. వాళ్ళు ఫ్రిజ్‌ని లిఫ్టులోకి తోశారు. తలుపులు మూసుకున్నాయి, లిఫ్టు మూలుగుతూ కదిలింది. నా కాళ్ళ కింద నేల సన్నగా అదిరింది.

మాస్టారు తెర ముందు నుంచి కదలడం లేదు.

"ఏమైంది మాస్టారూ?"

"ఫ్రిజ్ ప్లగ్గు పీకినప్పటి నుంచీ ఇలాగే ఉందమ్మా" అని, తెరను నా వైపు తిప్పారు.

లిఫ్టు కిందికి దిగుతూనే ఉంది. గీత తిన్నగా ఉంది.