గ్యాలరీ నిండ మందూబే

ఇయ్యాల సౌదీల మా లేబర్ క్యాంపుల నవ్వి నవ్వి కడుపులు నొచ్చినయి. టీవీకి పెట్టి ఆడే పాత కన్సోల్ల ఫైటింగ్ గేము ఉంది. మా రూమ్మేట్ నర్సన్న దాని ఫైళ్లు పెన్ డ్రైవుల ఎక్కించుకొని, విలన్ మొఖం తీసి మా మందూబ్ మొఖం పెట్టిండు. మందూబంటే కంపెనీల మా ఇకామాలు, అంటే ఈడ ఉండనిచ్చే కార్డులు, చూసే సూడానీ భాయ్. ఈడోళ్లకు నౌకర్లు తక్కువిచ్చిందని కంపెనీ సర్కారోళ్ల నితాకత్ లెక్కల రెడ్‌ల పడ్డకాంచి ఎవ్వరి ఇకామా రెన్యువల్ అయితలేదు, గదీ కోపం.

గేమ్ పెడితే విలన్ ఎప్పటి లెక్కనే ఉన్నడు. నర్సన్న మార్చింది ప్రేక్షకుల ఫైలు. గ్యాలరీ నిండ మందూబే, లేచి చప్పట్లు కొడుతున్నడు.

గప్పుడే అసలు మందూబ్ పాస్‌పోర్ట్ కాపీల కోసం రూముకొచ్చిండు. ఆయన టీవీ దిక్కు చానాసేపు చూసి, వచ్చీరాని హిందీల అడిగిండు.

"వీళ్లంతా నేనేనా?"

"నువ్వే భాయ్, తప్పయింది" అన్నడు నర్సన్న.

"నేను ఇంతమందిని ఉంటే మీ ఇకామాలు ఎప్పుడో అయిపోతుండె."

జాయ్‌స్టిక్ గుంజుకొని మాతోని ఆడిండు, కాపీలు మర్చిపోయిండు. పోయినంక ఆయనే నర్సన్న ఫోనుకు ఒక ఫొటో పంపిండు. చూస్తే మా మేనేజర్ మొఖం.

విలన్ ఫైలు ఏదో ఎరికున్నోళ్లు జర జల్ది చెప్పుండ్రి.