అనుమానం రాని ముఖం

బడా బజార్‌లో బట్టల కొట్టువారి కోడలు పద్మిని ఇంట్లోనే కూర్చుని హంతకుల్ని తయారుచేస్తుంది. కంగారు పడకండి, కంప్యూటర్‌లోనే! బెంగుళూరులో ఓ ఆటల కంపెనీ ఎక్కడా లేని సామ్రాజ్యాన్నొకదాన్ని కడుతోంది. దానికి వేగులవాళ్లూ, చంపేవాళ్లూ కావాలి.

పద్మిని పాత రాజుల కాలం పుస్తకాలన్నీ తిరగేసింది. దొంగ సన్యాసులు, వంటవాళ్లు, నాట్యకత్తెలు... ఏది గీసినా కంపెనీవాళ్లు పెదవి విరిచారు. "చూడగానే అనుమానం వచ్చేస్తోంది మేడమ్" అన్నారు.

చూస్తే అనుమానమే రాని మనిషెవరు? ఇంకెవరు, ఇంటింటికీ వచ్చి గాజులు తొడిగే నీలమ్మ! అల్లుళ్లు కూడా తొంగిచూడని వంటింటిదాకా వెళ్లి కూర్చుంటుంది. ఎవరికి నెల తప్పిందో ముందు ఆమెకే తెలుస్తుంది. ఒకరింటి మాట ఇంకొకరింట్లో ఏనాడూ అనలేదు మహాతల్లి. పద్మిని ఆ మంచితనాన్ని వదిలేసి ముఖం మాత్రం తీసుకుంది. తెల్లబడ్డ ఎడమకన్ను, భుజాన గాజుల మలారం అన్నీ ఉన్నదున్నట్టు బొమ్మలోకి దింపేసి, గాజుల అంచుకి విషం పూసింది. కంపెనీవాళ్లు ఎగిరి గంతేశారు.

ఆట విడుదలయ్యాక మరిది పవన్ గొప్పకి పోయి "మా వదిన గీసింది" అంటూ ఆ బొమ్మను వీధి వాట్సాప్‌లో పెట్టాడు. ఎదురింటి గాయత్రికి సీమంతం గాజులు వేసింది నీలమ్మే. ఆ వారమే గాయత్రికి కడుపు పోయింది. ఇంకేముంది! పద్మిని ఏదో తెలిసే గీసిందన్నారు. ఒక్కో తలుపూ మూసుకుంది. నీలమ్మ గోసాని నువాగాం పేట నుంచి నడిచొచ్చి, మలారం దించకుండానే వెనక్కి పోయేది. ఆ గాజులే ఆమెకు కూడు.

పద్మినికి అన్నం సయించలేదు. అది ఉత్త బొమ్మేనని ఇంటింటికీ తిరిగి మొత్తుకుంది. ఎవరూ వినలేదు. అందరూ చూస్తుండగా తనే గాజులు వేయించుకుంటానని నీలమ్మను పిలిపించింది.

అరుగు మీద వాళ్లిద్దరూ, గుమ్మాల్లో ఆడవాళ్లంతా.

"నా బొమ్మ నాకూ సూపించినారమ్మా. నానేటి సేసినాను?" అంది నీలమ్మ.

"నీ తప్పేటీ లేదు నీలమ్మా, నాదే. వెయ్యి."

నీలమ్మ ఆమె అరచేయి మడిచి, ఎర్రగాజు మెల్లగా ఎక్కించింది. రెండోది టప్పున చిట్లింది. మణికట్టు మీద సన్నగా రక్తం.

గాజు చిట్లడం ఎక్కడైనా ఉన్నదే. కానీ పద్మిని కెవ్వుమని చెయ్యి లాక్కుంది. కొంగుతో ఆ రక్తాన్ని గబగబా తుడిచేసుకుంది. తను పూసిన విషాన్ని తనే నమ్మేసింది, పాపిష్టిది! వీధంతా చూసింది.

నీలమ్మ వంగి ముక్కలన్నీ ఏరుకుంది. "పిల్లలు తిరిగే సోటమ్మా, కాళ్లకి గుచ్చుకుంటాయి" అని, మలారం భుజానికెత్తుకుని వెళ్లిపోయింది.

ఇక ఆ వీధిలో ఆమెను ఎవరూ పిలవలేదు. పద్మిని కూడా.