గుడ్డ ఎత్తిన చెయ్యి

ఆ రోజు పొద్దున ఫోన్ మోగినప్పుడు తెర మీద 'సైన్సు సార్' అని పడింది. నేను తీయలేదు. వీడియో ఎంతవరకు వచ్చిందని అడుగుతారు, ఇంకో రెండు రోజులని మళ్లీ చెప్పాలి. ఆ మాట చెప్పడానికి మొహమాటంగా అనిపించింది. రెండోసారి మోగింది. ఎత్తితే ఆయన గొంతు కాదు, ఆయన భార్యది.

"పాపా, మీ సారు తెల్లవారి పోయినారు" అన్నారు. నేను ఏదో అనేలోపలే, "నీకు బస్సు దొరుకుతాదా?" అని అడిగారు.

అప్పుడు నేను ఏర్పేడు దగ్గర కాలేజీలో, నా సీట్లో ఉన్నాను. ఎదురుగా కంప్యూటర్లో ఆయన వీడియోనే తెరిచి ఉంది. మన్ను రంగు కొంచెం ఎర్రగా రావాలని సరిచేస్తున్నాను.

ఐరాల హైస్కూల్లో ఆయన మాకు సైన్సు చెప్పారు. ఊళ్లో పెద్దవాళ్లు అయివోరు అనేవాళ్లు, మేం సార్ అనేవాళ్లం. ఆయన క్లాసుకు ఉత్త చేతులతో వచ్చిన రోజు నాకు గుర్తులేదు. దారిలో కనపడిన ఉమ్మెత్తకాయో, చీమలు గూడుకట్టిన ఆకో పట్టుకొచ్చేవారు. దేన్నైనా దగ్గరగా చూడాలంటే కళ్లజోడు నుదుటి మీదికి నెట్టేసేవారు. తెలియనిది అడిగితే "తెలీదు. చూసి చెప్తాను" అనేవారు. అడిగినవాళ్లు మరిచిపోయినా ఆయన మరిచేవారు కాదు. వారం తర్వాత, ఇంకా బెంచీల్లో సర్దుకుంటుండగానే, గుమ్మంలో నిలబడి జవాబు చెప్పేవారు.

తొమ్మిదో తరగతిలో ఒకరోజు చెనిక్కాయ పాఠం, పుస్తకంలో వేరుశనగ అని ఉండేది. పూవు పైన పూస్తుంది, అది వాడిపోయాక దాని మొదట్లోంచి సన్నటి ఊడ బయల్దేరి కిందికి వంగి మన్నులోకి దిగుతుంది, కాయ లోపల కాస్తుంది. ఆయన బోర్డు మీద బొమ్మ గీశారు. మా ఇంట్లో ఏటా చెనిక్కాయే వేస్తాం కాబట్టి నేను లేచి, "సార్, ఊడ దిగేటప్పుడు మీరు చూసినారా?" అని అడిగాను.

ఆయన సుద్దముక్క కింద పెట్టేశారు. "దిగినాక చూసినాను పాపా. దిగేటప్పుడు చూడలే" అన్నారు. బోర్డు వైపు తిరిగి, "ఈ బొమ్మ ఎవరో చూసి గీసిందే. మనమూ ఒకసారి చూడాల గదా" అన్నారు.

ఆ జవాబు మాత్రం వారంలో రాలేదు. పద్దెనిమిదేళ్లు పట్టింది.

మా కాలేజీలో ఫోటోలు, వీడియోలు చూసుకోవడం నా ఉద్యోగం. కొత్త కట్టడం ఒకటి లేస్తుంటే ఎదుటి మిద్దె మీద కెమెరా బిగించి, ఏడాది పాటు రోజూ ఫోటోలు తీయించి, అన్నీ కలిపి ఒక్క నిమిషం వీడియో చేశాను. అది ఎవరి ఫోన్ ద్వారానో ఐరాల చేరింది. ఒక సాయంత్రం సార్ ఫోన్ చేశారు. రిటైరయి చాన్నాళ్లయింది. బాగోగులు కూడా అడగకుండానే, "పాపా, ఇంత పెద్ద బిల్డింగు నిమిషంలో లేపినావే. ఊడ దిగేది తీయలేవా?" అన్నారు.

నేను ఆదివారమే వెళ్లాను. ఆయన అప్పటికే చిత్తూరు నుంచి అద్దాల చేపల తొట్టి తెచ్చి, దాంట్లో చేని ఎర్రమన్ను నింపి, అద్దానికి ఆనించి విత్తనాలు నాటారు. వసారాలో పొట్టి బల్ల మీద తొట్టి. ఎదురుగా నా కెమెరా. కెమెరాకు పాత ల్యాప్‌టాప్ తగిలించాను. ఆ ల్యాప్‌టాప్‌ను ఏర్పేడులో కూర్చుని నా ఫోన్ నుంచి నడపొచ్చు. వెలుతురు మారకుండా ఒక దీపం. పది నిమిషాలకొక ఫోటో దానంతటదే పడుతుంది. ఇదంతా చూసి ఆయన, "అంటే ఇంక నువ్వు రావాల్సిన పన్లేదా?" అన్నారు.

"పన్లేదు సార్. ఆడినుంచే అంతా చూసుకుంటా" అన్నాను, గొప్పగా.

ఆయన తలూపారు. లోపలి నుంచి ఆయన భార్య, మా ఊళ్లో అందరికీ అయివోరమ్మ, "వచ్చే ఆదివారం రాగిసంగటి చేద్దామనుకుంటినే" అన్నారు. నేను నవ్వేశాను. ఆ తర్వాత ఆయన ఉండగా ఆ ఇంటికి పోలేదు.

పూవు పొద్దున విచ్చుకోవడం, మధ్యాహ్నానికి వాడిపోవడం బాగానే పడ్డాయి. కొన్నాళ్లకు ఊడ కనిపించింది. ఊదారంగు కొనతో, ఏదో వెతుక్కుంటున్నట్టు కిందికి వంగింది. మీటింగులో ఉండగా సార్ ఫోన్. బయటికొచ్చి ఎత్తాను.

"పాపా, తాకింది" అన్నారు. ఆయన ఊపిరి మాత్రం వినిపిస్తోంది. మేమిద్దరం అట్లాగే కాసేపు ఫోన్ పట్టుకుని ఉన్నాం.

అసలు కష్టం అక్కడి నుంచి మొదలైంది. మన్నులో చీకటి లేకపోతే కాయ ఊరదు. కాబట్టి అద్దం కింది సగానికి నల్లగుడ్డ కప్పి ఉంచాలి. ఫోటో తీసేటప్పుడు మాత్రం దాన్ని ఎత్తాలి. ఆ పని నా ఫోన్ చేయలేదు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు గంటగంటకూ నేను 'సార్, ఇప్పుడు' అని మెసేజ్ పెట్టేదాన్ని. ఆయన వంగి గుడ్డ ఎత్తేవారు. నేను ఇక్కడ నొక్కేదాన్ని. 'అయింది' అంటే దించేవారు. నెల పైన అట్లాగే జరిగింది. ఒక్క గంట కూడా తప్పలేదు.

మొదట్లో ఆయన చెయ్యి ఫ్రేములోకి వచ్చేది కాదు. రానురాను వేళ్లు పడడం మొదలైంది. గుడ్డ సగమే లేచేది, ఒక్కోసారి వణికేది. నాలుగు ఫ్రేములకొకటి చెడిపోతోందని నాకు చికాకు.

"సార్, చెయ్యి అడ్డమొస్తా ఉండాది. కొంచెం పక్కనుంచి ఎత్తండి" అని ఫోన్ చేశాను.

"అట్నే పాపా. ఈసారి జాగర్తగా ఎత్తుతాను."

తర్వాత రెండు రోజులు ఫ్రేముల్లో గాజుల చెయ్యి కనిపించింది. ఫోన్ చేస్తే అయివోరమ్మ, "పనుండి చిత్తూరుకు పోయినారు" అన్నారు. గాజులు మెరుస్తున్నాయని, కొంచెం పైకి నెట్టుకోమని చెప్పాను. మూడో రోజు మళ్లీ సార్ చెయ్యే. దాని మీద తెల్లటి ప్లాస్టరు అంటించి ఉంది, సూది గుచ్చినచోట ఆసుపత్రిలో అంటిస్తారే, అది. అది నాకు కనిపించింది. కనిపించి, దీపం వెలుతురు దానిమీద పడి అద్దంలో తెల్లగా మెరుస్తోందని, ఇంకో చేత్తో ఎత్తమన్నాను.

ఇది రాయడానికే ఈ నాలుగు పేజీలూ మొదలుపెట్టాను. మిగిలినదంతా దీని చుట్టూ తిరగడమే.

కాయ ఊరింది. ఇక చాలన్నాను. అప్పటి నుంచి సార్ రెండు మూడు రోజులకొకసారి ఫోన్ చేసేవారు. "ఎట్టుంటే అట్నే పంపు పాపా, చూస్తాను."

"ఇంకా సరిచెయ్యాల సార్. వెలుతురు అదురుతా ఉండాది. చూస్తే బాగున్నప్పుడే చూడాల."

"తొందరలేదులే. నిదానంగానే చెయ్యి" అనేవారు. మళ్లీ మూడో రోజు ఫోన్.

సరిచేయడమంటే, చెయ్యి పడిన ఫ్రేములన్నీ ఏరి చెరిపేశాను. ల్యాప్‌టాప్‌లో చోటు చాలక, చెరిపినవి కూడా తిరిగిరాకుండా తుడిచేశాను. అవి పోయాక వీడియో నీళ్లలా సాగింది. సంతోషపడ్డాను.

ఆ పొద్దున తిరుపతికి వచ్చి, కాణిపాకం బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో ఐరాల చేరేసరికి అందరూ బయల్దేరడానికి నిలబడి ఉన్నారు. నాకోసం కాసేపు ఆపారట. మొహం చూశాను. చేతులు గుడ్డ కింద ఉన్నాయి.

పదకొండో దినం అయ్యాక అయివోరమ్మే అడిగారు. "ఆయన కలవరించిన వీడియో ఉండాదంటివే, చూపియ్యి."

ఫోన్ ఆమె చేతికిచ్చాను. నలభై సెకన్లు. పూవు విచ్చుకుంది, వాలింది. ఊడ వంగింది, తాకింది, మన్నులోకి తోసుకుపోయింది. కొన అడ్డం తిరిగి ఉబ్బి, నడుము నొక్కుకుని, కాయ అయింది. ఆమె మళ్లీ పెట్టమన్నారు. మళ్లీ చూశారు. చివర నల్లగా అయిపోయిన తెరను కూడా కాసేపు చూసి, "ఆయన యాడ?" అన్నారు.

చెరిపేశానని చెప్పాను. ఎందుకు చెరిపానో కూడా చెప్పాను. ప్లాస్టరు సంగతి కూడా దాచలేదు.

"గుండెకు బాగలేదని రెండు దినాలు పెట్టుకున్నారు ఆసుపత్రిలో" అన్నారామె. "వంగొద్దు, లేవొద్దు అన్నారు డాక్టర్లు. నేనెత్తుతాను పడుకో అంటే వినలే. పాపకు చెప్పొద్దు, ఆపేస్తాది అన్నారు." ఫోన్ నా చేతిలో పెట్టారు. "నేను నిన్ను అనేది లేదు. కానీ దినానికి పన్నెండు పదమూడు సార్లు ఆయన చెయ్యి చూసినావు గదా. ఏమైంది సార్ అని ఒక్కసారి అడిగుంటే, చెప్పేవారేమో."

ఆమె లోపలికి వెళ్లి టీ తెచ్చారు. తాగాను.

వీడియో ఇప్పుడు ఐరాల స్కూల్లో ఉంది. పాటా, పేరూ ఏమీ చేర్చలేదు. బాగుందని అక్కడి టీచర్లు ఫోన్ చేసినప్పుడు థాంక్స్ చెప్పి పెట్టేస్తాను. తప్పు దిద్దుకునే వీలు కొన్నిటికి ఉంటుంది. దీనికి లేదు. ఇప్పుడు ఎవరు ఏ ఫోటో పంపినా ముందు చేతులే చూస్తున్నాను. దాంతో ఆయనకు ఒరిగేదేమీ లేదని తెలుసు.

ఆ రోజు ఆమె దగ్గర సెలవు తీసుకుని రోడ్డు మీదికి వచ్చాను. పక్క చేలో చెనిక్కాయ పీకుతున్నారు. ఆడవాళ్లు వరుసగా వంగి, చెట్టు పట్టి లాగి, రెండుసార్లు విదిలించి, వేర్లు పైకి వచ్చేలా తిరగేసి పెట్టుకుంటూ పోతున్నారు. వాళ్ల వెనక చేను చేనంతా తలకిందులుగా పరుచుకుంటోంది. పచ్చటి ఆకు కిందికి పోయింది, ఇంకా తడి ఆరని లేతరంగు కాయలు మొదటిసారి ఎండలోకి వచ్చాయి. బస్సు వచ్చి హారన్ కొట్టింది. నేను ఎక్కలేదు. ఆ సాలు చివరిదాకా వాళ్లు పీకేవరకు గట్టు మీద నిలబడి చూశాను.