వాసవి మెస్సుకు నేనిచ్చిన మూడు స్టార్లు

ఎక్కడ తిన్నా చెయ్యి కడుక్కుని వచ్చేలోపే ఫోన్ మ్యాప్‌లో స్టార్లు ఇచ్చేయడం నాకలవాటు. ఇప్పటికి రెండు వందల పైచిలుకు హోటళ్ళకు ఇచ్చి ఉంటాను. ఈ పని కాస్త పద్ధతిగా నేర్చుకుందామని ఆమధ్య ఒక ఆన్‌లైన్ క్లాసులో చేరితే, ఆఖరి వారం మాస్టారు ఒక పని చెప్పారు. మీరు రాసిన పాత సమీక్ష ఒకటి తీసుకోండి, ఆ హోటలుకే మళ్ళీ వెళ్ళి తినండి, తిరగరాయండి అన్నారు. మిగతావాళ్ళంతా ఇంటి పక్క బిర్యానీ సెంటర్లు ఎంచుకున్నారు. నేను హైదరాబాద్ నుంచి రెండు వందల ఇరవై కిలోమీటర్లు వెళ్ళి, నందిగామలో వాసవి నడిపే మెస్సులో తిందామనుకున్నాను. రెండేళ్ళ కిందట దానికి మూడు స్టార్లిచ్చాను. వాసవి నాతో సరిగ్గా మాట్లాడక కూడా రెండేళ్ళే అయింది. నిజం చెప్పొద్దూ, మాస్టారి హోంవర్కు నాకొక సాకు.

వాసవీ నేనూ జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో కలిసి పనిచేశాం. తను లెక్కలు, నేను తెలుగు. నాలుగేళ్ళు ఒకే మేడ మీద ఒకే గదిలో అద్దెకున్నాం. నా చీర బాగాలేకపోతే బాగాలేదని మొహం మీదే చెప్పేది. నేనూ అంతే. తర్వాత నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, తను పెళ్ళి చేసుకుని నందిగామలో అత్తగారు నడిపే మెస్సు అందుకుంది. అయినా ప్రతి ఆదివారం ఫోన్‌లో గంటసేపు మాట్లాడుకునేవాళ్ళం. ఆ సమీక్ష తర్వాత గంట కాస్తా ఐదు నిమిషాలైంది, ఐదు నిమిషాలు కాస్తా 'బాగున్నాం' అనే మెసేజ్ అయింది. యథార్థవాది లోకవిరోధి అని మొదటి ఏడాది నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రెండో ఏడాదికి ఆ మాట పనిచేయడం మానేసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా, బజార్లో వంకాయలు ఏరుతున్నా ఆమె గొంతు వినాలనిపించేది.

ఉదయం ఐదున్నరకు ఎల్బీనగర్‌లో విజయవాడ బస్సెక్కాను. సూర్యాపేటలో టీకి ఆగినా, తొమ్మిది కొట్టేసరికి చిల్లకల్లులో దించేశారు. టికెట్టు మూడు వందల చిల్లర. అదే బస్సులో నేరుగా నందిగామ వెళ్ళిపోవచ్చు, కానీ నాకు ధైర్యం చాలక ముందు జగ్గయ్యపేట చూసుకుందామనుకున్నాను. హైవే మీద నుంచి ఊళ్ళోకి షేరాటోలో ఇరవై రూపాయలు. ముందు సిమెంటు లారీ పోతుంటే ఆ దుమ్మంతా మా మొహాన్నే. డ్రైవరు కోదాడ వైపు మనిషిలా ఉన్నాడు.

"ఏడ దిగుతరమ్మా?" అని అడిగాడు. పాత స్కూలు పేరు చెప్పాను.

"అదెప్పుడో బందైంది గదా. ఇప్పుడాడ టైల్సు షోరూం పెట్టిన్రు" అన్నాడు.

సరే, షోరూం దగ్గరే దిగాను. మేమున్న మేడ మాత్రం ఉంది. మెట్లకు ఆకుపచ్చ రంగు వేశారు, పైన ఎవరివో చీరలు ఆరేసి ఉన్నాయి. పైకి వెళ్ళే పని లేదు, వెళ్ళాలనీ ఉంది. కాసేపు కింద నిలబడి వచ్చేశాను.

వీధి చివర టిఫిన్ బండి అలాగే ఉంది. బండాయన నన్ను గుర్తుపట్టలేదు. రెండిడ్లీ, ఒక గారె పెట్టించుకుని, క్లాసులో చెప్పినట్టు నోటుబుక్కులో రుచి, శుభ్రత, వడ్డన, ధర అని నాలుగు గళ్ళు గీశాను. ఆయన ఓరగా చూశాడు.

"రివ్యూనా అండి? మా ఆవిడ చదివి వినిపిస్తదండి నాకు. మొన్నొకాయన చట్నీ బాలేదని రాశాడు. నా దగ్గర మూడు చట్నీలున్నాయి. ఏదో చెప్పకపోతే నేనేది దిద్దుకోను, మీరే చెప్పండి."

"అల్లం చట్నీలో బెల్లం ఎక్కువైందండి" అన్నాను. ఆయన చుక్క అరచేతిలో వేసుకుని నాక్కుని, "నిజమేనండోయ్" అని కాస్త చింతపండు పులుసు కలిపి, ఇంకో గరిటె నా ప్లేటులో వేశాడు. నాలుగు గళ్ళలో ఏ గడిలో రాయాలో తెలియక నోటుబుక్కు మూసేశాను. టిఫిను నలభై రూపాయలు, వెళ్ళేవాళ్ళు పదిలోపు వెళ్ళండి.

పదిన్నరకు నందిగామ పల్లెవెలుగు దొరికింది. ఇక్కడి బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదని విని ఆధార్ కార్డు చూపించాను. కండక్టరమ్మ అటూ ఇటూ తిప్పి, "ఇది హైదరాబాద్ అడ్రసండి. తీస్కోవాల్సిందే" అంది. నాలుగేళ్ళు ఇక్కడే ఉన్నానని చెప్పబోయి ఊరుకున్నాను. ముప్పావు గంట ప్రయాణం, రోడ్డు పక్కన పత్తి చేలు. ఫోన్ తీసి నా పాత సమీక్ష మళ్ళీ చదువుకున్నాను. "ఉలవచారు బాగుంది. పప్పులో ఉప్పు తక్కువ. వండినవాళ్ళు రుచి చూసినట్టు లేదు. మూడు స్టార్లు." ఆ రోజు విజయవాడలో పెళ్ళికి వెళ్తూ దారిలో దిగాను. పదకొండున్నరకే వెళ్ళి కూర్చుని, పన్నెండుకు బస్సుంది త్వరగా పెట్టమని తొందరపెట్టి తిన్నాను. బస్సు పరిటాల ఆంజనేయస్వామి విగ్రహం దాటేలోపు సమీక్ష పెట్టేశాను. స్నేహితురాలిదైనా నిజమే రాశానని అప్పుడు గర్వపడ్డాను కూడా.

బస్టాండులో దిగి బజారు వైపు పది నిమిషాలు నడిస్తే గానుగ సందులో ఉంటుంది మెస్సు. పన్నెండు బల్లలు, గోడకు ఒక గడియారం. వాసవి పొయ్యిల దగ్గర నుంచి తలెత్తి నన్ను చూసింది.

"రండి, కూర్చోండి. భోజనానికింకా టైముంది" అంది.

ఒకప్పుడు ఏమే అని పిలిచిన మనిషి అండి అనేసరికి, గోడ పక్క బల్ల దగ్గర పరాయిదానిలా కూర్చున్నాను. మంచినీళ్ళు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పన్నెండుకు లోపల గంట మోగింది. దేవుడి ముందు ఆకులో అన్నీ వడ్డించి, హారతిచ్చి, దణ్ణం పెట్టుకుని వచ్చింది. ఆ తర్వాత చూశాను అసలు సంగతి. పప్పు, దొండకాయ వేపుడు, గోంగూర, ఉలవచారు, ఒక్కొక్కటీ అరచేతిలో చుక్క వేసుకుని రుచి చూసి, పప్పు గుండిగలో ఒక గుప్పెడు ఉప్పు పోసి కలిపింది. అన్నీ వేసి చూడు నన్ను వేసి చూడు అందిట ఉప్పు. నాకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది.

"ఇప్పుడు చూస్తున్నావేంటి? వండేటప్పుడు చూడవా?" అని అడిగాను.

"దేవుడికి పెట్టకుండా నోట్లో ఎట్లా వేసుకుంటాను? మా అత్తగారి పద్ధతి ఇది. గంట కొట్టాకే రుచి చూస్తా, తక్కువైంది కలుపుతా. అందుకే పన్నెండుంబావు దాకా ఎవరికీ పెట్టను."

"మరి ఆ రోజు నాకు..."

"బస్సుందన్నావుగా. దేవుడి వాటా గిన్నెల్లో తీసి పక్కన పెట్టి నీకు వడ్డించా. అత్తగారితో చివాట్లు కూడా తిన్నా."

ఎవరికీ పెట్టని ముద్ద నాకు పెట్టింది. నేను దానికి మార్కులు వేశాను. సిగ్గుతో ఫోన్ తీసి, ఇప్పుడే ఆ సమీక్ష తీసేస్తానన్నాను.

"ఎందుకూ? ఉప్పు తక్కువైన మాట నిజమే" అంది వాసవి. "నా కోపం మూడు స్టార్లకు కాదు పద్మా. తినేటప్పుడు ఎట్లా ఉందే అని అడిగా. బాగుందే అన్నావ్. బస్సెక్కి ఊరందరికీ చెప్పావ్. అదేదో నాతో అంటే ఇంకో చెంచా వేసేదాన్నిగా."

ఫోన్ సంచిలో పెట్టేశాను. ఈలోపు జనం వచ్చారు. పక్క బ్యాంకు వాళ్ళు, మిరపకాయల వ్యాపారులు, ఒక డ్రైవరు. నాకూ ఆకు వేసింది. భోజనం నూట ఇరవై, పెరుగు గడ్డగా ఉంటుంది, ఉలవచారులో వెన్న వేస్తారు. ఆ చారు కలిపిన మొదటి ముద్దకు నాలుగేళ్ళ శనివారాలు గుర్తొచ్చాయి. పేటలో ఆ గదిలో ఒకే పళ్ళెంలో కలుపుకుని తినేవాళ్ళం. వాసవి వడ్డిస్తూ వచ్చి నా దగ్గర ఆగింది.

"ఎట్లా ఉంది?"

నాలుక చివరి దాకా వచ్చింది, బాగుంది అని. మింగేశాను. "పప్పు అద్భుతం. దొండకాయ వేపుడు మెత్తబడింది, నూనె కాగకుండా వేసినట్టున్నావ్" అన్నాను.

గరిటె పట్టుకుని పొయ్యిల దగ్గరికి వెళ్ళిపోయింది. మళ్ళీ చెడగొట్టుకున్నానే అనుకున్నాను. పది నిమిషాల తర్వాత వచ్చి, కరకరలాడే వేపుడు నా ఆకులో వేసి పక్క బల్లకు వెళ్ళింది.

రెండున్నరకు జనం పల్చబడ్డాక తను భోజనానికి కూర్చుంది. గరిటె అందుకుని నేను వడ్డించాను, వద్దనలేదు. మూడున్నర బస్సుకు బయలుదేరుతూ మళ్ళీ రావచ్చా అని అడిగాను. "మెస్సు కదా, ఎవరైనా రావచ్చు" అంది, కొంచెం నవ్వింది. ఆ కొంచెం నవ్వు పట్టుకునే హైదరాబాద్ దాకా వచ్చాను.

సమీక్ష అంటే అక్కడ లేనివాళ్ళకు చెప్పేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ముందు ఎదురుగా ఉన్న మనిషికి చెప్పాలి, ఎందుకిలా అయిందని అడగాలి, ఆ తర్వాతే ఊరికి చెప్పాలి. ఇది ఏ క్లాసులోనూ చెప్పలేదు. పాత స్నేహం పాతలాగే తిరిగొస్తుందని నాకు ఆశ లేదు, అయినా కావాలనే ఉంది. వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: మీకెంత తొందరున్నా పన్నెండుంబావు తర్వాతే వెళ్ళండి, ముందు పెట్టమని అడగకండి. ఇక ఈ రాసిందంతా మాస్టారికీ మీకూ చూపించే ముందు వాసవికి పంపాను. ఐదో రోజు పొద్దున జవాబొచ్చింది: "వేపుడు సంగతి తీసెయ్యకే, ఉంచు."